పెద్దది చూసి ఇవ్వండి

సిక్కోలు వాళ్లకి చేప కొనడం ఒకరు నేర్పక్కర్లేదు. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, వేలితో నొక్కి గట్టిదనం చూస్తారు, ఆఖర్న అదే రేటుకి పెద్దది అడుగుతారు. చందువకైనా కోనాంకైనా ఈ పద్ధతికి తిరుగులేదు. ఇదే పద్ధతిని అక్వేరియం షాపులో క్లౌన్ ఫిష్ మీద, అంటే చారల బుల్లి సముద్రపు చేప మీద, ప్రయోగిస్తే మాత్రం కొంప కొల్లేరే.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఇల్లనుకోండి. హాల్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం, అందులో రెండేళ్లుగా ఏకఛత్రాధిపత్యం చేస్తున్న క్లౌన్ ఫిష్. పాపం ఒంటరిదైపోయిందని జాలిపడి ఇంటాయన దానికో జత తేవడానికి విశాఖపట్నం బయల్దేరాడు. బేరం కోసం అత్తగారు వెంట వచ్చారు. షాపు కుర్రాడు చూపించిన బుల్లి చేపని చూసి ఆవిడ పెదవి విరిచారు.

"ఇదేటి బావూ, నెత్తళ్లలో కలిసిపోయేలాగుంది. అదే రేటుకి ఆ పెద్దది ఇచ్చీ."

పెద్దదే వచ్చింది. అక్వేరియంలో వదిలిన పది నిమిషాల్లో దాని తోక చీలికలైంది. సాయంత్రానికి పైన ఒక మూల, నీటి అంచుకి అతుక్కుపోయి నిలబడింది.

కారణం కోపం కాదు, కొలత. క్లౌన్ ఫిష్‌లన్నీ పుట్టుకతో మగవే. ఉన్నవాటిలో పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతది మొగుడు, మిగిలినవి పెరగడం మానుకుని ఒదిగి బతుకుతాయి. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదవడం ఉండదు. రెండేళ్లు ఒంటరిగా ఏలింది దాదాపు ఆడదే అయ్యుంటుంది. దాని ముందుకి దానంతటిదే ఇంకోటి వస్తే జత కుదరదు, యుద్ధం కుదురుతుంది. అందుకే పాతదానిలో సగం సైజున్న, అదే జాతి పిల్లని తేవాలి. ఇల్లరికం వచ్చేవాడు తలొంచుకుని రావాలి మరి. ఈ సంగతి ఇంటాయనకి ముందే తట్టాల్సింది, ఆయనదీ ఇల్లరికమే.

నష్టానికి మార్పిడి చేసుకుని చిన్నది తెచ్చారు. ఈసారి కొనేముందు షాపులోనే మేత వేయించి తింటుందో లేదో చూశారు. ఒంటిమీద తెల్లటి జిగురు పొర ఉన్నా, ఆయాసపడుతూ మొప్పలు ఆడిస్తున్నా ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. అది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి పని కావచ్చు, రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

ఇక నీళ్లు. మంచినీళ్ల సాంద్రత 1 అనుకుంటే, ఇంట్లో ఉప్పునీళ్లది 1.025 ఉంటే, చాలా షాపుల్లో 1.020 దగ్గరే ఉంచుతారు. ఆ తేడాని చేప ఒక్కసారిగా తట్టుకోలేదు. మూతి కట్టిన సంచిని పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, వేడి సమానమయ్యాక చేపనీ సంచి నీళ్లనీ బకెట్లోకి మార్చాలి. ఎయిర్ పంపు గొట్టానికి ఒక ముడి వేసి, అక్వేరియం నుంచి బకెట్లోకి సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా బిగించాలి. బకెట్లో నీళ్లు రెట్టింపవడానికి సుమారు గంట పడుతుంది. పొద్దున్నుంచీ సంచిలో నలిగిన చేపకి మాత్రం ఇంత నెమ్మది పనికిరాదు. సంచి విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార కొలత) పెరుగుతుంది, చేప విసర్జించిన, అంతవరకూ పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా విషంగా మారుతుంది.

గంటసేపు చుక్కలు లెక్కపెడుతూ కూర్చునే ఓపిక ఎవరికుంది? ఇంటాయన భోజనానికి లేచాడు. చుక్కలు చూసి విసిగిపోయిన బావమరిది ముడిని "కొంచెం" వదులు చేశాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి బకెట్ పొర్లి, నీళ్లు సోఫా కిందికి చేరాయి. చేప క్షేమం, బకెట్ మీద వల కప్పి ఉంచారు కాబట్టి. క్లౌన్ ఫిష్ దూకుతుంది. వల బకెట్‌కే కాదు, అక్వేరియానికీ ఉండాలి.

పోయిన 20 లీటర్లకి కళింగపట్నం నుంచి రెండు క్యాన్లు పట్టుకొచ్చేస్తానని బావమరిది ఉత్సాహపడ్డాడు. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. వానాకాలంలో ఆ నీళ్లలో ఉప్పు తక్కువ, బురద ఎక్కువ. ఉత్తి మంచినీళ్లు పోసినా చిక్కే, 1.025 కాస్తా 1.023కి దిగుతుంది. ఆర్‌వో నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ (ఉప్పునీటి అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు) కలిపి, పంపుతో ఒక రోజు తిప్పి, కొలిచి పోయాలి. వంటింట్లో ఉప్పు డబ్బా అక్వేరియం వైపు రాకూడదు, అత్తగారు ఎంత ప్రేమగా తెచ్చినా సరే.

కొత్త చేప నేరుగా పెద్ద అక్వేరియంలోకి వెళ్లకూడదు, రోగమేదైనా ఉంటే ముందే బయటపడాలి. 40 లీటర్ల చిన్న తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోడానికి ప్లంబింగ్ పైపు ముక్క ఒకటి చాలు. నాలుగు నుంచి ఆరు వారాలు అందులోనే. ఎవరికీ నచ్చని దశ ఇది, వచ్చిన చుట్టాలకి చూపించడానికి పైపు ముక్క తప్ప ఏమీ కనిపించదు.

ఆ తర్వాత ముఖాముఖి. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకి కాల్చిన మేకుతో చిల్లులు పెట్టి, అంచులు గరుకు కాగితంతో నునుపు చేసి, చేపని అందులో ఉంచి అక్వేరియంలో వేలాడదీయాలి. పాతది మొదటి రెండ్రోజులు డబ్బాని గుద్దుతుంది. గుద్దడం మానేదాకా, అంటే ఐదు నుంచి ఏడు రోజులు, డబ్బా తెరవొద్దు. వదిలే రోజు రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చి, పాతదానికి కడుపునిండా మేత వేసి, లైట్లు ఆర్పాకే వదలాలి.

మర్నాడు పొద్దున్న హాల్లోంచి కేక.

"ఓలమ్మో, కొత్తదానికి మూర్ఛొచ్చీసింది!"

చిన్నది పక్కకి ఒరిగి ఒళ్లంతా వణికిస్తోంది. మామ్మగారు తాళాలగుత్తితో పరిగెత్తుకొచ్చారు. నీళ్లలో వేసేలోపు ఇంటాయన చెయ్యి పట్టుకోగలిగాడు. ఇత్తడి తాళంలో రాగి ఉంటుంది, అక్వేరియంలోని రొయ్యలకీ పగడాలకీ రాగి విషం. ఇంతకీ అది మూర్ఛ కాదు, "పెత్తనం నీదేనమ్మా" అని ఒప్పుకోవడం. ఆ వణుకు కనిపించిందంటే పని సగం అయినట్టే. వెంటాడటాలు, చిన్న చిన్న కాట్లు ఇంకొన్నాళ్లుంటాయి. రెక్కలు చిరిగినా, చిన్నది మేతకి రాలేకపోయినా మళ్లీ డబ్బాలోకే.

జత బాగా కుదిరాక, నెలలు పట్టొచ్చు, ఒక రాయిని నోటితో శుభ్రం చేసి గుడ్లు పెడతాయి. వాటికి కాపలా మగదానిదే. ఆడది మాత్రం అద్దం తుడవడానికి దిగిన చేతిని కరుస్తుంది, మేత వేసే చెయ్యా కాదా అని చూడదు. పొడుగు పిడి ఉన్న బ్రష్ ఒకటి కొనుక్కోండి. అది మాత్రం పెద్దదే అడగండి.