దానికి నీళ్లు పొయ్యకండి

పోయిన జులైలో మా అమ్మ మా ఇంటికి వచ్చింది. కాలిఫోర్నియాలో అప్పటికి రెండు నెలలుగా చినుకు లేదు. ముందు పెరట్లో కాలిఫోర్నియా పాపీలు (ఇక్కడి కొండల మీద పూసే నారింజ పూల మొక్కలు) ఎండి, గోధుమరంగు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. "నాటుకున్న మొక్కల్ని ఇలా ఎండబెడతారట్రా?" అంటూ పొద్దున్నే పైపు పట్టుకునేది. "అవి చచ్చిపోలేదమ్మా, నిద్రపోతున్నాయి" అంటే, బద్ధకానికి సాకు వెతుక్కుంటున్నానని అనుకుంది. వేడి నేలలో తడి నిలిస్తే వేరు కుళ్లుతుందని నాలుగు రోజులు పోరితే గానీ పైపు వదల్లేదు.

అమ్మని అనడానికేముంది, మొదటి ఏడాది నేను చేసిందీ అదే. మార్చిలో నర్సరీ నుంచి ఆరు కుండీలు తెచ్చి, కంపోస్టు వేసి నాటి, రోజూ తడిపాను. ఈ మొక్కకి తల్లివేరు నిలువుగా లోతుకి దిగుతుంది, దాన్ని కదిపితే ఓర్చుకోదు. మూడు పోయాయి. మిగతా మూడు ఎరువు తిని ఆకులేసుకుంటూ కూచున్నాయి, పువ్వులు మాత్రం అంతంతే.

రెండో ఏడాది అక్టోబరు చివర్లో, వానలకి ముందు, బాగా ఎండ తగిలే చోట గడ్డి పీకేసి మట్టిని పైపైన గీరాను. విత్తనాలు మరీ చిన్నవి, ఇసుకలో కలిపి చల్లి అరచేత్తో అదిమాను. మట్టి కప్పలేదు, ఎరువు వెయ్యలేదు. మిగతాది వాన చూసుకుంది.

మార్చిలో ఒక పొద్దున కాఫీ కప్పుతో బయటికొస్తే, ఒక మొగ్గ తన నెత్తిమీది కోసు టోపీని పైకి నెడుతూ కనిపించింది. ఆ టోపీ ఊడి కింద పడ్డాక నాలుగు నారింజ రేకులు విచ్చుకున్నాయి. మబ్బు పట్టినా, చీకటి పడినా అవి ముడుచుకుంటాయి. కాయ ముదిరాక టప్పున పేలి విత్తనాల్ని దూరంగా విసురుతుంది. మరుసటి ఏడాది చల్లే పని కూడా నాకు మిగల్లేదు. (గసగసాల కుటుంబమే గానీ ఇందులో నల్లమందు ఉండదు. ఇంటికొచ్చిన ప్రతి మిత్రుడూ అడుగుతున్నాడు కాబట్టి చెప్తున్నా.)

1903 నుంచి ఇది కాలిఫోర్నియా రాష్ట్ర పుష్పం. 2019 వసంతంలో దక్షిణ కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ ఊరి కొండల మీద ఈ పూలు చూడ్డానికి జనం విరగబడితే ట్రాఫిక్ స్తంభించిపోయింది. మనవాళ్లూ పిల్లలతో వెళ్లి ఫొటోలు దిగారు. ఇంటికొచ్చాక మళ్లీ అదే పచ్చటి లాన్, అవే స్ప్రింక్లర్లు. నాకు నచ్చనిది ఇదే. ఇక్కడి ఊళ్లలో ఇళ్లు వాడే నీళ్లలో దాదాపు సగం బయట మొక్కలకీ గడ్డికే పోతుంది. ఆ గడ్డి మీద వారానికోసారి నడిచేది దాన్ని కోసే మనిషే.

"హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు" అంటారు. తక్కువ నీళ్లతో బతికే మొక్కల్ని హెచ్ఓఏ నిషేధించడానికి వీల్లేదని కాలిఫోర్నియా చట్టంలోనే ఉంది. పైగా 2023లో చేసిన చట్టం ప్రకారం, 2029 నుంచి ఉమ్మడి స్థలాల్లో అలంకారానికి పెంచే గడ్డికి తాగునీళ్లు పెట్టడం హెచ్ఓఏలకే కుదరదు. మాకూ ఒక ఉత్తరం వచ్చింది, "ఎండిన మొక్కలు తొలగించండి" అని. పుల్లల్ని నేలకి రెండంగుళాల పైకి కత్తిరించి ఫొటో పంపాను, మళ్లీ ఎవరూ అడగలేదు. అసలు చిక్కు మన కళ్లతోనే. నాలుగు నెలలు ఎండిన నేల కనిపిస్తే పరువు పోయినట్టు టెన్షన్ పడతాం. కానీ ఇక్కడి వేసవి రంగు అదే, కొండలు కూడా అలాగే ఉంటాయి.

ఇంకొక మాట. ఈ విత్తనాలు సూట్‌కేసులో వేసి ఇండియాకి పట్టుకెళ్లకండి. చిలీలో ఇదే మొక్క అదుపు తప్పి కలుపై కూచుంది. ఇక్కడ కూడా "వైల్డ్‌ఫ్లవర్ మిక్స్" అని రాసిన ప్యాకెట్ చూసి మోసపోవద్దు. చాలావాటిలో ఎక్కడెక్కడివో కలుపుతారు, వెనక జాబితా చదివి కొనండి.

నవంబరులో రెండు వానలు పడ్డాక, కత్తిరించిన ఆ మొదళ్లలోంచి బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఆకులు వచ్చాయి. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.

"చూశావా, ఆ నాలుగు రోజులూ నేను పోసిన నీళ్ల చలవే" అంది.