ఫ్యాను రెక్కల మీద పేరు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది రాత్రి జరిగింది మీలో సగం మంది చూసే ఉంటారు. పంచాంగ శ్రవణం అవగానే దాతల పేర్లు మొదలయ్యాయి. ప్లాటినం, గోల్డ్, సిల్వర్, ఒక్కొక్కరికీ శాలువా, ఒక ఫొటో. నలభై నిమిషాలు. మా చిన్నది గజ్జెలు కట్టుకుని స్టేజీ ఎక్కిందో లేదో, టైమైపోయిందని హాలు కేర్‌టేకరు లైట్లు ఆర్పేశాడు. ఇంటికొచ్చేదాకా అది గజ్జెలు విప్పలేదు. నేను బ్రేకు వేసినప్పుడల్లా వెనక సీట్లో ఘల్లుమన్నాయి.

నాకు స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవి గుర్తొచ్చింది. పోయిన వేసవిలో మాలెగ్ రేవులో కారు వదిలేసి (బయటివాళ్ళ బళ్ళు దీవిలోకి రానివ్వరు) పులిహోర డబ్బాతో ఫెర్రీ ఎక్కాం. స్గూర్ కొండ కింద గ్రూలిన్ అనే పల్లె ఉండేది. 1853లో గొర్రెల మేపు కోసం ఖాళీ చేయించారు. పద్నాలుగు కుటుంబాల్లో ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మొండిగోడలే. దొర తర్వాత దొరకి అమ్ముడుపోతూ వచ్చిన ఆ దీవిని 1997 జూన్ 12న అక్కడి అరవై చిల్లర మంది అక్కడి స్థానిక ప్రభుత్వం హైలాండ్ కౌన్సిల్, వన్యప్రాణి సంరక్షణ సంస్థ స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్‌ల తోడుతో సొంతం చేసుకున్నారు. ధర పదిహేను లక్షల పౌండ్లు. వేలమంది చందాలిచ్చారు. అందులో పెద్ద మొత్తం ఇచ్చినావిడ తన పేరు చెప్పొద్దంది!

2008 నుంచి కరెంటూ వాళ్ళదే: నీరు, గాలి, ఎండ. ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లు, మించితే కరెంటు పోతుంది. ఇళ్ళన్నిటికీ ఒకటే లెక్క.

వాళ్ళేదో మహాత్ములని కాదు. రోజూ ఒకే రేవులో ఎదురుపడేవాళ్ళకి ఎవరేం చేశారో ఒకరు చదివి చెప్పక్కర్లేదు. మనం ఏడాదికి రెండుసార్లు కలుస్తాం. పేరు చదవకపోతే ఎవరిస్తారండీ అని ట్రెజరరు గారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా తాత మాత్రం తక్కువ తిన్నాడా? రామాలయానికి ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా ఎర్ర పెయింటుతో పేరు రాయించాడు. కరెంటు పోయినప్పుడు మాత్రమే కనిపించేది. చెమటలు కక్కుతూ తలెత్తి చదివేవాళ్ళం. ఆ ఫ్యానంటే నాకిప్పటికీ ఇష్టమే.

అందుకే పేర్లు తీసేయమనను. ఒక కాగితం మీద రాసి భోజనాల దగ్గర అంటించండి, క్యూలో నిలబడి అందరం చదువుకుంటాం. నా సిల్వర్ శాలువా వెనక్కిచ్చేస్తాను, ఇంకా మడత కూడా విప్పలేదు. దీపావళికి పిల్లల్ని ముందు పెట్టండి. మా అమ్మాయికి ఎనిమిది నిమిషాలు చాలు.