గడ్డం నాటుతామంటే మొహం అప్పగించేయడమేనా?

‘ఒక్క పూటలో నిండు గడ్డం. నొప్పి లేదు, మచ్చ పడదు. నెలవారీ వాయిదాలు కూడా!’ ఫోను తెరిస్తే చాలు, ఇదే ప్రకటన. మీసం సరిగా రాలేదని కుమిలిపోయే ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు దీన్ని ఎర వేస్తున్నారంటే ఒళ్లు మండుతోంది.

ఒక్క పూటలో అయ్యేది నాటడం మాత్రమే. తల వెనక నుంచి తీసిన కుదుళ్లను చెంపల మీద గాట్లు పెట్టి ఒక్కొక్కటిగా దించుతారు. కొన్ని వారాల్లో ఆ వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. మళ్లీ మొలవడానికి మూడు నాలుగు నెలలు, అసలు రూపం తేలడానికి ఏడాది దాకా పడుతుంది. ఈ ముక్క ప్రకటనలో ఎందుకు ఉండదో!

నెత్తి మీద పని కాస్త అటూ ఇటూ అయినా పక్క జుట్టు కప్పేస్తుంది. మొహం మీద ఆ వెసులుబాటు లేదు. గడ్డం వెంట్రుక చర్మానికి దాదాపు ఆనుకుని, వాలుగా మొలుస్తుంది. గాటు కాస్త నిలువుగా పడిందా, ముళ్లలా బయటికి పొడుచుకొస్తుంది. కుదుళ్ల చుట్టూ చర్మం బొడిపెలు కట్టవచ్చు, వెంట్రుక లోపలికే తిరిగి చీము పట్టవచ్చు. గాయం మానాక మచ్చలు ఉబ్బే తత్వం ఉన్నవాళ్లయితే మరీ ఆలోచించుకోవాలి. కనుబొమలది ఇంకో తంటా. అక్కడ నాటినా అది తల వెంట్రుకే, పెరుగుతూనే ఉంటుంది. కత్తెర పట్టుకుని కూర్చోవాల్సిందే.

మంచి చేతుల్లో ఇవన్నీ తక్కువే, ఒప్పుకుంటాను. ఆ చేతులు ఎవరివన్నదే నా గొడవ. 2024లో ఒక ఫ్రెంచి విద్యార్థి ఇస్తాంబుల్ వెళ్లి గడ్డం నాటించుకున్నాడు. అది వికటించింది. కుంగిపోయి, కొద్ది నెలల్లోనే చనిపోయాడు. చేసినవాడు అసలు డాక్టరే కాదని కుటుంబం అంటోంది. 2025లో కాన్పూర్‌లో తలకు జుట్టు నాటించుకున్న ఇద్దరు ఇంజినీర్ల మరణాలు బయటపడితే, కేసు పడింది ఒక దంతవైద్యురాలి మీద. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే అది శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మనవాళ్లేమో గ్రాఫ్టుకు, అంటే నాటే ఒక్కో కుదురుకు, ఎంత అని బేరమాడతారు గానీ, గాట్లు పెట్టేది డాక్టరా, టెక్నీషియనా అని అడగరు!

ఇంకొకటి. తల వెనక నుంచి తీసిన కుదురు అక్కడ మళ్లీ మొలవదు, ఆ చోట చిన్న తెల్ల చుక్క మిగిలిపోవచ్చు. ఇంట్లో బట్టతల వరస ఉంటే, రేపు ఆ జుట్టు నెత్తికే కావాల్సి రావచ్చు. గడ్డమా, చాలామందికి ఇరవైల చివరిదాకా ఒత్తవుతూనే ఉంటుంది. సరే, ఇంత చెప్పినా నాటించుకుంటానంటే నీ ఇష్టం తమ్ముడూ. తిరుమలలో గుండు చేయించుకున్న రోజు, తల వెనక ఈ తెల్ల చుక్కలేమిట్రా అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇప్పుడే అనుకుని పెట్టుకో.