మా లైబ్రరీ సెర్చ్ బాక్సు గారికి

అయ్యా,

మంగళవారం మధ్యాహ్నం అరండల్‌పేట నుంచి ఎండలో ఆటో ఎక్కి తమరి దర్శనానికి వచ్చింది నేనే. తమరికి గుర్తుండదులెండి. తమరికి ఏదీ గుర్తుండదు.

అడిగింది ఒక్కటే మాట: గ్రంథాలయోద్యమం. తెలుగులో కొడితే లేదన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో టీహెచ్ పెట్టి కొట్టాను, లేదు. మన బోర్డుల మీద రాసినట్టు డీహెచ్ పెట్టాను, ఎవరో గ్రంధి వారి అకౌంటెన్సీ గైడు వచ్చింది! ఒక ఏ తీసి, ఒక వై చేర్చి, పదకొండు రకాలుగా కొట్టాను. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది పక్కనున్న బెజవాడలోనే. ఇక్కడ లైబ్రరీలో కూర్చుని లైబ్రరీ అన్న మాట వెతికితే సున్నా.

నిన్నెలా ఎంచారో వాకబు చేశాను. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారని హడావుడిగా టెండరు పిలిచారు. 'బహుభాషా సదుపాయం' గడిలో టిక్కు పడింది. డెమో రోజు కంపెనీ కుర్రాడు కంప్యూటర్ నెట్‌వర్క్స్ అని కొడితే పుస్తకాలు జలజలా రాలాయట. కమిటీ జీడిపప్పు నములుతూ తలూపింది. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేసింది, నువ్వే. ఒక్కరైనా 'అ' కొట్టి చూశారా? అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ రాకముందు ఫాంట్లలో ఎక్కించిన పాత రికార్డులు నీలోకి రాగానే పిచ్చిగీతలయ్యాయి. వాటిని మార్చే పని టెండరులో రాయనే లేదట!

1999లో న్యూజిలాండ్‌లో తయారైన కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు చదువుతుంది, లైసెన్సుకు పైసా అక్కర్లేదు. ఊరికే వచ్చేదాన్ని కొటేషన్‌లో ఏమని చూపిస్తారు పాపం! పాఠకుడి సమయం ఆదా చెయ్యమని, లైబ్రరీలకు అయిదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ 1931లోనే రాశాడు. ఆయన మీ కమిటీలో లేడు కదా.

నీ మానిటర్ పెట్టిన చెక్క బీరువా ఏమిటో తెలుసా? పాత కార్డు కేటలాగు. 'గ' సొరుగు లాగితే బిగుసుకుపోయి, రెండు చేతులతో గుంజితే వచ్చింది. లోపల ఎవరిదో టిఫిన్ స్పూను, దాని కింద నీలం సిరాతో గుండ్రటి చేతిరాత: గ్రంథాలయోద్యమం. పక్కనే బీరువా నంబరు. పుస్తకం అక్కడే ఉంది, దుమ్ముతో సహా.

నీలో లేదు కాబట్టి రిజిస్టర్లో రాసి ఇచ్చారు. గడువు పదిహేను రోజులు. నేను నెల ఉంచుకుంటా. లేని పుస్తకానికి ఫైనెలా వేస్తావో చూస్తా.

ఇట్లు,
సున్నా ఫలితాలవాడు