1977 కంటే ముందే పల్లెల్లో టీవీ

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కేంద్రం మొదలైన తేదీ 1977 అక్టోబర్ 23 అన్నది నిజమే. కానీ తెలుగు టీవీ కథ అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. అదీ పట్నంలో కాదు, పల్లెల్లో! 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో 'సైట్' ప్రయోగం నడిపింది, అంటే ఉపగ్రహం ద్వారా టీవీలో పాఠాలు చెప్పే ప్రయోగం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు నేరుగా ప్రసారాలు. అందులో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లోనే తయారయ్యేవి. కోళ్ల గూళ్లకు వాడే తీగ వలలాంటి దానితో చేసిన పదడుగుల గొడుగులాంటి యాంటెన్నా, దానికింద ఊరందరికీ ఒకే సెట్టు. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది, తెర ఖాళీ! ఇంత పెద్ద కథకు వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం అన్యాయం అండీ.

ఇంకోటి, తెలుగు వార్తలు మొదలైంది దూరదర్శన్ కేంద్రం పెట్టిన ఆరేళ్లకు, 1983లో. చూసి చదవడానికి ఎదురుగా అక్షరాలు చూపే టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో, తొలి తెలుగు న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ గారు వార్తలు బట్టీపట్టి చదివేవారట. ఇప్పటి యాంకర్ల అరుపులు వింటుంటే ఆయన నిదానమే గుర్తొస్తుంది.