"సంఘం రెట్టింపు కావడానికి ఏడు సూత్రాలు": ఇక ఈ మెసేజ్ నాకు పంపకండి

"ఏడాదిలో మీ సంఘం రెట్టింపు కావాలంటే ఏడు సూత్రాలు" అనే మెసేజ్ మా చర్చి సంఘం గ్రూపులో, స్త్రీల సమాజం గ్రూపులో, ఆఖరికి మా ఆసుపత్రి నర్సుల ప్రార్థన గ్రూపులో కూడా తిరుగుతోంది. పంపిన వాళ్ళంతా కింద "ఆమేన్" పెట్టారు. చదివి పెట్టారో చదవకుండానే పెట్టారో తెలీదు. నేను మాత్రం చివరిదాకా చదివాను.

మొదటి సూత్రం: పెద్ద సభలు పెట్టాలట. రుజువుగా ఒంగోలులో పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరని తెచ్చారు: "ఒక్క సభ, ఒక్క ప్రసంగం, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం!" ఒంగోలు బాప్టిస్టు ఇంట్లో పుట్టినదాన్ని, దీన్ని మాత్రం వదిలిపెట్టను. లెక్క నిజమే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర జరిగింది. మిగతాదంతా కల్పన. అంతకు ముందు రెండేళ్ళు ధాతు కరువు. జనం ఆకలికి రాలిపోతుంటే దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలి పని ఇప్పించాడు. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి, పని ఆగినప్పుడు కూలీల పక్కన కూర్చుని యేసు మాటలు చెప్పారు. మరి ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని వచ్చిన వాళ్ళకి దొర ఏమన్నాడు? వద్దన్నాడు. తిండి కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సాయం పంచడం ఆపేశాక కూడా జనం వెనక్కి పోకపోతే అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ రోజు నీళ్ళలో దిగింది కూడా దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఎర్రగుంట్ల పేరయ్య కనిపిస్తాడు. మాదిగవాడు, తోళ్ళ వ్యాపారం. 1866లో బాప్తిస్మం తీసుకుని, తోళ్ళ కోసం తిరిగిన ఊళ్ళలోనే, తను ఎరిగిన ఇళ్ళలోనే సువార్త చెప్పుకుంటూ పోయాడు. ఆ మరుసటి ఏడాది ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఎనిమిది నుంచి వేలకి చేరడానికి పన్నెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు మనవాళ్ళు. ఆ తిరుగుడంతా చెరిపేసి "ఒక్క ప్రసంగం" అని రాయడానికి చేతులెలా వచ్చాయి?

రెండు, ఎల్‌ఈడీ తెర. మూడు, పాస్టరు గారికి కారు. నాలుగు, మందిరానికి ఇంగ్లీషు పేరు. వీటికి జవాబు అక్కర్లేదు.

ఐదు, పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిపించడం. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు పల్లె సంఘాల్లో ఏం చేసేవారో మన పెద్దలకి గుర్తు లేదా? బాప్తిస్మం పొందిన ప్రతి మనిషి చేత తన తల మీద తనే చెయ్యి పెట్టించి, "సువార్త చెప్పకపోతే నాకు శ్రమ" అని పలికించేవారు. కూలికి పోయే ఆమె కూడా చెప్పాలి, పశువులు కాసే పిల్లాడు కూడా చెప్పాలి. పెద్ద ప్రసంగీకుడొస్తే ఆ మూడు రాత్రులూ పక్క సంఘాల జనమే వచ్చి కూర్చుంటారు. నాలుగో రోజు ఎవరి మందిరానికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఆరు: "పక్క సంఘంలో అలిగిన వాళ్ళని గుర్తించి, మీ దగ్గర పదవి ఇవ్వండి." ఇది పెరగడం కాదు. ఇక్కడ పదిమంది పెరిగితే అక్కడ పదిమంది తగ్గారు. క్రీస్తు పేరు వినని మనిషి ఒక్కరైనా కొత్తగా విన్నారా?

ఇక ఏడోది. దీన్ని చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "స్వస్థత సాక్ష్యాలు వేదిక మీద చెప్పించండి. మందులు మానేసి విశ్వాసంతో నిలబడ్డ వాళ్ళ సాక్ష్యానికే జనం కదిలి వస్తారు." ఇది రాసిన వాళ్ళు ఒక్క రాత్రి మా వార్డులో డ్యూటీ చెయ్యాలి. ఒకామెని ఆటోలో తెచ్చారు. ఊపిరి బరువుగా, వేగంగా తీస్తోంది. నోటి దగ్గర ముగ్గిన పండు వాసన. షుగరు మిషన్ అంకె చూపించకుండా "హై" అని చూపించింది. ఉపవాస కూడికలో సాక్ష్యం చెప్పి ఇన్సులిన్ మానేసిందట. సెలైన్, ఇన్సులిన్ ఎక్కించి ఐసీయూలో ఉంచితే బతికింది. ఆమె సాక్ష్యం వీడియో మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ వేదికెక్కి చెప్పలేదు.

ప్రార్థనకి నేను అడ్డం కాదు. డ్యూటీ ఎక్కే ముందు నేనూ ప్రార్థన చేసుకుంటాను. బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన దేవుడు విన్నాడు, ఆయన పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని ప్రవక్త చేత చెప్పించాడు కూడా. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా! అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లరమ్మ 1883లో గుంటూరు వచ్చి, ఆడవాళ్ళకి, పిల్లలకి వైద్యం చేసి, 1898కల్లా ఆసుపత్రి తెరిచింది. మన సంఘాలు మందిరం పక్కన ఆసుపత్రి కట్టుకుని పెరిగిన సంఘాలు. మహిమతో షుగరు, క్యాన్సరు నయం చేస్తామని పోస్టరు వెయ్యడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. పోలీసుల భయంతో కాదు, దేవుడి భయంతోనైనా ఆ సూత్రాన్ని తీసెయ్యండి.

అయితే ఒక్క మాట ఒప్పుకుంటాను. ఆ స్వస్థత కూడికలకి వెళ్ళే మనవాళ్ళు అమాయకులై వెళ్ళడం లేదు. అక్కడి పాస్టరు రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా బండేసుకుని వస్తాడు, మంచం పక్కన కూర్చుంటాడు, తల మీద చెయ్యి వేస్తాడు. మన దగ్గర కమిటీ ఎన్నికలు, కోర్టు కేసులు, మిషను స్థలాల తగాదాలు అయ్యాక ఎవరికైనా తీరిక మిగిలితే కదా. మంచాన పడ్డ మనిషి మన మందిరంలో నాలుగు ఆదివారాలు కనిపించకపోతే "చందా బాకీ ఉంది" అన్నది గుర్తుంటుంది గానీ, ఎందుకు రాలేదో ఎవరూ అడగరు. ఈ ఒక్క విషయంలో ఆ సంఘాలు పేరయ్య దారిలో ఉన్నాయి, మనం లేము.

ఈ మెసేజ్ పంపిన వాళ్ళలో మా కమిటీ పెద్దలు కూడా ఉన్నారు. అన్నయ్యలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మన బైబిలు స్త్రీ రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగానే ఉంది. పేటలో ఏ ఇంట్లో ఎవరు పురుడు పోసుకున్నారో, ఎవరి మొగుడు తాగొచ్చి కొట్టాడో, ఏ పిల్ల బడి మానేసిందో ఆమెకే తెలిసేది. బయటి ఆడవాళ్ళు కూడా ఆమె వెంటే మొదటిసారి మందిరం గడప తొక్కారు. తెర కోసం పోగేస్తున్న డబ్బు ఆ జీతానికి పెట్టండి. వచ్చే కమిటీలో తీర్మానం రాయించండి. స్త్రీల సమాజం తరఫున, వంట ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులు మేమూ కలుపుతాం.