బండిలో సామాను, కాలినడకన మనుషులు

పందొమ్మిదో శతాబ్దంలో వలసదారులు అమెరికా పశ్చిమాన ఉన్న ఒరెగాన్‌కు వెళ్లిన దారి అయిన ఒరెగాన్ బాటపై నేను చదివిన ఒక వ్యాసంలో, వలస కుటుంబాలు గుడ్డ కప్పిన బండ్లలో కూర్చుని ప్రయాణించాయనీ, ఆదివాసుల దాడులే వారికి ప్రధాన ప్రమాదమనీ రాశారు; ఈ రెండింటినీ సవరించవలసి ఉంది. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణం నుంచి ఒరెగాన్‌లోని విల్లమెట్ లోయ వరకు సుమారు 3,200 కిలోమీటర్ల దారిలో, పిండి, ఉప్పు పట్టిన పంది మాంసం, పనిముట్లతో నిండిన బండిలో చోటు మిగిలేది కాదు కనుక, పిల్లలతో సహా చాలామంది నడిచే వెళ్లారు. బండ్లకు కూడా గుర్రాల కంటే చవకైన, దారిలో దొరికే గడ్డితో నెట్టుకురాగల ఎడ్లనే ఎక్కువగా కట్టారు. మరణాల విషయానికి వస్తే, 1849 నుంచి కొన్నేళ్లపాటు బాట పక్కనే సాగే ప్లాట్ నది వెంబడి ప్రబలిన కలరాకు బలైనవారితో పోలిస్తే, దాడుల్లో చనిపోయినవారు చాలా తక్కువ. అదే కలరా షయాన్ వంటి ఆదివాసీ తెగలనూ ఘోరంగా దెబ్బతీసింది. వ్యాసంలో ఆ ఊసే లేకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. అలాగే, ఒరెగాన్‌లో అప్పటికే స్థిరపడిన శ్వేతజాతి దంపతులకు 640 ఎకరాలు ఇచ్చి, అందులో సగం భార్యకే సొంత హక్కుగా దఖలు పరచిన 1850 నాటి చట్టాన్ని రచయిత మెచ్చుకున్నారు. మెచ్చుకోదగినదే, కానీ ఆ భూములపై అక్కడి తెగలతో ఒప్పందాలు అప్పటికి ఆమోదం పొందనేలేదు.